మూడో బహుమతి, నాలుగో అంతస్తు

మా మెట్లలో ఒక వంపు ఉంది. రెండో అంతస్తు దాటాక గోడ ముందుకు తోసుకొస్తుంది. అక్కడ ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి దిగాల్సిందే. లిఫ్టు పెట్టించుకుందామని ఆ భవనంలో ఉన్నవాళ్లమంతా కలిసి ఒక ఇంజనీరును పిలిపించాం. ఆయన ఆ వంపు దగ్గర నిలబడి టేపుతో కొలిచి, మళ్లీ కొలిచి, "దీన్ని కూల్చి ఇంకోటి కట్టుకోండి, అదే తేలిక" అని నవ్వి వెళ్లిపోయాడు. అప్పటిదాకా పై మెట్టు మీద నిలబడి వింటున్న కసిల్దా తన ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది.

ఆమెది నాలుగో అంతస్తు, మాది మూడు. ఆమె భర్త లెయాంద్రోకు రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఆసుపత్రి నుంచి తెచ్చినప్పుడు అగ్నిమాపకదళం వాళ్లు కుర్చీలో కట్టి పైకి మోశారు. ఆ తర్వాత ఆయన కిందికి దిగలేదు. మిల్లులో అద్దకం తొట్ల దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి, భారీ శరీరం. దించడానికి ఎవరో ఒకరు దొరుకుతారు, తిరిగి ఎక్కించేదెవరు? బాల్కనీలో కూర్చుని వీధిలో పోయేవాళ్లను పేరుపెట్టి పిలిచేవాడు. మొదట్లో అందరూ తలెత్తి నిలబడి మాట్లాడేవాళ్లు. తర్వాత చెయ్యి ఊపి వెళ్లిపోవడం మొదలైంది.

మా ఊరు బేహర్‌లో ఆ వయసు ఆడవాళ్లు చాలామందిలాగే కసిల్దా కూడా పదిహేనో ఏట ఉన్ని మిల్లులో చేరింది. మగ్గాల దగ్గర కాదు, రఫ్ఫు గదిలో. నేసిన బట్టను వాలుబల్ల మీద కిటికీకి ఎదురుగా పరిచి, వేళ్లతో తడిమి, తెగిన పోగునూ తప్పిన పోగునూ వెతికి సూదితో కలపడం ఆ గది పని. కలిపిన చోట తడిగుడ్డ వేసి వేడి ఇస్త్రీపెట్టెతో అదిమితే లోపం ఎక్కడుండేదో మేస్త్రీకి కూడా దొరికేది కాదు. మిల్లు మూతపడ్డాక ఆ పనే ఇంటికి తెచ్చుకుంది. చిరిగిన కోట్లు, చిమ్మట కొట్టిన స్వెట్టర్లు ఊళ్లో అందరూ ఆమెకే ఇచ్చేవాళ్లు. ఇస్త్రీ పడందే ఆమె దృష్టిలో ఏదీ బాగుపడినట్టు కాదు. వంటింటి గుడ్డలకూ చేసేది, లెయాంద్రో మేజోళ్లకూ చేసేది, వానలో తడిసిన నోట్లకూ చేసేది.

ఆమెకు ఒకే ఒక్క కోరిక ఉండేది. వెనక వీధిలో ఒక చిన్న ఇల్లు, నేలమట్టంలో, గుమ్మానికి ఒక్క మెట్టు కూడా లేనిది, అమ్మకానికి ఉంది. దాని యజమానురాలు సలమాంకా నగరంలో కూతురి దగ్గర ఉంటుంది. కసిల్దా ఆ దారిన పోయినప్పుడల్లా కిటికీ అద్దానికి చేతులు అడ్డం పెట్టుకుని లోపలికి తొంగిచూసేది. ఒకసారి టేపు తీసుకెళ్లి తలుపు వెడల్పు కొలవడం నేను చూశాను.

"చక్రాల కుర్చీ పడుతుంది అమ్మాయ్, ఇంకా ఇటూ అటూ జాగా మిగులుతుంది" అంది, ఆ ఇల్లు అప్పటికే తనదైనట్టు.

ఆ డిసెంబరులో నాకు ఎనిమిదో నెల. క్రిస్మస్ లాటరీ టికెట్‌ను కడుపుతో ఉన్నామె పొట్టకు రాస్తే తగులుతుందని మావాళ్ల నమ్మకం. నెలంతా బేకరీలో, కూరగాయల కొట్లో, ఆఖరికి డాక్టరు గది బయట కూడా ఎవరో ఒకరు "ఏమ్మా, ఒక్కసారి" అంటూ పర్సులోంచి టికెట్ తీసేవారు. నేను హైస్కూల్లో రసాయనశాస్త్రం చెబుతాను. లక్ష నంబర్లలో ఒక నంబరుకు ఎంత అవకాశం ఉంటుందో మొదట్లో ఓపిగ్గా వివరించాను. తర్వాత స్వెట్టరు పైకి లాగి నిలబడటం సులువనిపించింది.

కసిల్దా కూడా దిగివచ్చింది. ఏప్రాన్ జేబులోంచి తీసిన కాగితం చూసి నాకు నవ్వొచ్చింది.

"ఇదేంటి కసిల్దా గారూ, చేపల కొట్టు బిల్లు తెచ్చారు?"

"ఎగతాళి చాల్లే. టికెట్టే ఇది. ఏసు పుట్టిన బొమ్మ ఉన్నవి అయిపోయాయంట. ఈ నంబరే కావాలంటే విసి మిషన్లోంచి తీసిచ్చింది. నాకూ నచ్చలేదు. బొమ్మ లేకపోతే పైవాడికెలా తెలుస్తుంది ఇది లాటరీ అని?"

విసి మా వీధి చివర లాటరీ కొట్టు నడుపుతుంది. కసిల్దా ఆ కాగితాన్ని నా పొట్ట మీద గుండ్రంగా తిప్పింది, బట్ట తడిమినట్టే. లోపల పాప గట్టిగా తన్నింది.

"తన్నింది! చూశావా, సరే అంటోంది."

"వద్దంటోందేమో."

"నీ మొహం! తగిలిందంటే నీ బిడ్డకు ఉన్ని దుప్పటి, నా చేత్తో."

ఇరవై రెండో తేదీ లాటరీ తీసే రోజు. పొద్దున బడిపిల్లలు గెలిచిన నంబర్లు పాడటం ప్రతి ఇంటి రేడియోలోంచీ మెట్ల మీదికి వినిపిస్తోంది. నేను సోఫాలో పడుకుని ఆ రాగానికి నిద్రలోకి జారుతున్నాను. ఉన్నట్టుండి పైన ఏదో పడిన చప్పుడు, వెంటనే లెయాంద్రో గొంతు. పక్షవాతం తర్వాత ఆయన మాట ముద్దగా వచ్చేది. ఆ రోజు "కసిల్దా! కసిల్దా!" అని ఖంగున వినిపించింది.

ఆమె చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా దిగింది. నా తలుపు మీద అరచేత్తో కొట్టింది.

"కింద ఇల్లు అమ్మాయ్! కింద ఇల్లు!"

వచ్చింది మూడో బహుమతి. ఎంతో ఆమె చెప్పలేదు. ఆమె లెక్కలో అది యూరోలు కాదు, మెట్టులేని గుమ్మం. పన్ను పోగా మిగిలేది ఆ ఇంటికి సరిపోతుంది, అంతే.

నేను ఆ జనంలోకి వెళ్లే స్థితిలో లేను కాబట్టి మిగతాది టీవీలో చూశాను. విసి కొట్టు ముందు జనం. ఈ లాటరీలో ఒకే నంబరు మీద ఎన్నో టికెట్లు అమ్ముతారు. అదే నంబరు మా వీధిలో చాలామంది కొన్నారు: మాంసం కొట్టాయన, మందుల షాపు అక్కాచెల్లెళ్లు, ఇంకా ఎవరెవరో. విసి సీసా ఊపి బిరడా తీసి అందరి మీదా చిమ్ముతోంది. మధ్యలో కసిల్దా, జుట్టంతా తడిసి, టికెట్‌ను బొటనవేలితో పట్టుకుని కెమెరా ముందుకు చాచింది. ఏం చేస్తారమ్మా డబ్బుతో అని అడిగితే "మా ఆయన్ని నడిరోడ్డు మీద కూర్చోబెడతాను" అంది. వాళ్లకు అర్థం కాలేదు, అయినా నవ్వారు.

తిరిగి వచ్చేటప్పుడు మా ఇంటి ముందు ఆగింది. వైన్ వాసన. టికెట్ ఏప్రాన్ జేబులో ఉండ చుట్టుకుపోయి తడిగా ఉంది.

"వెనకాల పేరు రాసుకోండి. రెండువైపులా ఫోటో తీస్తాను, ఇవ్వండి. పొద్దున్నే బ్యాంకుకు పోదాం" అన్నాను.

"ముందు ఆరనీవే. ఇంత పీలికలా ఉన్నదాని మీద ఏం రాస్తాను, ఏం ఫోటో తీస్తావు? బ్యాంకులో ఎవరి దగ్గర కొట్టేసిందో అనుకుంటారు. కాస్త తిన్నగా చేసి తెస్తానుండు."

ఆరబెట్టుకొస్తుందనుకున్నాను. కాసేపటికి మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఒక్కో మెట్టూ ఆగి ఆగి. తలుపు తీస్తే కసిల్దా ఒక పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. పళ్లెంలో చక్కగా చదునుగా, ఒక్క మడత లేకుండా, బొగ్గులా నల్లటి కాగితం.

"గుడ్డ వేసే చేశాను" అంది. "తడిగుడ్డ. ఉన్నికి పెట్టే వేడే పెట్టాను, ఎక్కువ కూడా కాదు. కాలలేదు చూడు, వాసన కూడా లేదు. మరి నల్లగా ఎందుకయింది?"

ఆమెను కూర్చోబెట్టాను. ఎలా చెప్పాలో తెలియక తరగతిలో చెప్పినట్టే చెప్పాను.

"బొమ్మ టికెట్ల మీద ఉన్నట్టు దీని మీద సిరా ఉండదు కసిల్దా గారూ. కాగితానికే ఒక పూత ఉంటుంది. వేడి తగిలిన చోట నల్లబడుతుంది. ఆ మిషను సూదిమొనంత వేడి చుక్కలతో అంకెలు రాస్తుంది. మీ ఇస్త్రీపెట్టె..."

"నా ఇస్త్రీపెట్టె?"

"మొత్తం రాసేసింది."

ఆమె పళ్లెం మీదికి వంగి చూసింది. "అంటే అంకెలు పోలేదుగా. లోపలే ఉన్నాయిగా?"

"ఉన్నాయి. కానీ నలుపు అన్నిచోట్లా ఉంది."

ఒక మూల గుడ్డ మడతపడిన చోట కాగితం బూడిదరంగులో ఆగింది. అక్కడ చివరి రెండంకెలు గుర్తుపట్టొచ్చు. ఆమె ఆ రెండంకెల మీద వేలు పెట్టి తీయలేదు.

మర్నాడు బ్యాంకుకు నేనూ వెళ్లాను. మా ఆయన ఎలియాస్ వద్దంటున్నా, మంచుపట్టిన కాలిబాట మీద గోడ పట్టుకుని నడిచాను. మాకంటే ముందు మాంసం కొట్టాయన టికెట్ ఇచ్చి, గుర్తింపు కార్డు చూపించి, సంతకం పెట్టి బయటికి పోయాడు. అంతే పని. టికెట్, కార్డు, సంతకం. కౌంటరులో అవురేలియో అనే ఆయన, కసిల్దా చేతి రఫ్ఫు ఉన్న కోటే వేసుకుని ఉన్నాడు. నల్ల కాగితాన్ని యంత్రం కింద అటూ ఇటూ తిప్పాడు. యంత్రం ప్రతిసారీ అదే మూలుగు.

"ఇది ఏమీ చెప్పట్లేదు కసిల్దా గారూ."

"నేను చెబుతున్నాగా. నంబరు నాకు కంఠతా వచ్చు."

"నంబరు ఊరందరికీ వచ్చు. టికెట్టే సాక్ష్యం. ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే బహుమతి. పేరుతో పనిలేదు."

"నన్ను టీవీలో చూపించారయ్యా. దేశమంతా చూసింది."

ఆయన తల దించుకున్నాడు. "బహుమతి మీ మొహానికి రాలేదమ్మా, కాగితానికి వచ్చింది."

అప్పుడే విసి రొప్పుతూ వచ్చింది. "నా చేత్తో ఇచ్చాను అవురేలియో! మిషన్లో తీశానని లెక్క ఉంది. దాని మీద ఇంకా ఎవరూ డబ్బు తీసుకోలేదని కూడా ఉంది. ఇంకేం కావాలి నీకు?"

"నాకేం అక్కర్లేదు విసీ. నా డబ్బా ఇది?"

పాడైన టికెట్లను పరిశీలనకు మాడ్రిడ్ పంపే పద్ధతి ఉందని చెప్పాడు. మూడు నెలల గడువు దాటకుండా ఇవాళే అర్జీ పెట్టినట్టు రాసి, కాగితాన్ని కవరులో పెట్టి మా ముందే అంటించాడు. కవరు మూస్తున్నప్పుడు కసిల్దా చెయ్యి దాని వెంట కొంచెం కదిలింది.

నలుపు పోగొట్టే దారి దొరికితే మాడ్రిడ్‌కు రాయొచ్చని, ఆ వారమంతా నేను వంటింట్లో అదే పూత ఉన్న సూపర్‌మార్కెట్ బిల్లులకు ఇస్త్రీ చేసి, నల్లబడ్డాక మందుల షాపులో దొరికే స్పిరిట్, గోళ్లరంగు తుడిచే ద్రవం, ఇంకా చేతికందినవన్నీ ప్రయత్నించాను. ఆ వాసనలు కడుపులో బిడ్డకు మంచివి కావని ఎలియాస్ కిటికీలన్నీ తెరిచి పోట్లాడాడు. నలుపును పోగొట్టినదల్లా అక్షరాన్ని కూడా పోగొట్టింది. రెండూ ఒకటే పదార్థమైనప్పుడు వేరెలా అవుతుంది? టీవీలో వచ్చిన ఆ దృశ్యాన్ని కూడా ఆపి ఆపి చూశాం. నంబరు కనిపిస్తోంది. యంత్రం చదవాల్సిన గీతల మీద కసిల్దా బొటనవేలు ఉంది.

పైకి వెళ్లి చెబితే లెయాంద్రో నవ్వడానికి ప్రయత్నించాడు. "పోనీ టీచరమ్మా. నా చేతుల మీద ముప్పై ఏళ్లు రంగు వదల్లేదు. అది ఒక్క పూటలో వదుల్తుందా?"

ఆయన కసిల్దాను ఒక్క మాట అనలేదు. అదే ఆమెను ఎక్కువ కాల్చింది. "తిట్టమని అడిగాను అమ్మాయ్" అంది ఒకరోజు మెట్ల మీద. "ఒక్కసారి తిట్టవయ్యా అని అడిగాను. ఉప్పు తక్కువైతే ఊరంతా వినేలా అరిచేవాడు. ఇప్పుడు సూప్‌లో ఉప్పే వేయకపోయినా తాగేస్తున్నాడు."

జనవరిలో హిమెనా పుట్టింది. నాకు ప్రతిదీ భయమే. ఊపిరి వినిపించకపోతే భయం, గట్టిగా వినిపిస్తే భయం. మూడో రోజునో నాలుగో రోజునో కసిల్దా దుప్పటి తెచ్చింది. మెత్తటి తెల్ల ఉన్ని, అంచులు చేత్తో కుట్టినవి. మడతల గీతలు అలాగే ఉన్నాయి. ఇస్త్రీ చేయలేదు.

"ఇదెందుకు కసిల్దా గారూ..."

"తగిలితే ఇస్తానన్నాను. తగిలిందిగా."

ఆ రోజుల్లోనే ఆమె పనికి ఒప్పుకోవడం మానేసింది. ఎవరైనా కోటు తెస్తే కళ్లు సరిగ్గా ఆనట్లేదనేది. ఇస్త్రీబల్లను గోడకు ఆనించి దాని మీద దుప్పటి కప్పేసింది.

ఊళ్లో మాట ఎలా మొదలైందో తెలియదు. లెక్కల్లో చూపని డబ్బున్నవాళ్లు దాన్ని తెల్లగా చేసుకోవడానికి గెలిచిన టికెట్‌ను ఎక్కువకు కొనుక్కుంటారని మా దగ్గర ఎప్పటినుంచో చెప్పుకుంటారు. మాంసం కొట్టులో వరసలో నిలబడి ఉండగా నేనే విన్నాను. మా ముందున్న ఒకావిడ, వెనక కసిల్దా ఉందని చూడకుండా, "అసలుది ఎవరికో అమ్మేసుంటుంది. ఏదో పాత బిల్లు మాడ్చి మాడ్రిడ్ పంపింది. రెండుసార్లు దండుకుందామని" అంది.

కొట్టాయన కత్తి ఆపాడు. కసిల్దా ముందుకొచ్చింది.

"అవునే. అందుకే ఇవాళ కూడా ఎముకలే కొంటున్నాను, చూడు. డబ్బు ఎక్కువై పళ్లు గట్టిపడ్డాయి."

కొట్టాయన ఎముకలు పొట్లం కట్టాడు. ఆమె ఎముకలు తీసుకుని, చిల్లర తీసుకుని, నన్ను దాటి వెళ్లిపోయింది. మెట్ల వంపు దగ్గర నేను అందుకునేసరికి గోడకు నుదురు ఆనించి నిలబడి ఉంది. పాపను ఎత్తుకుని ఉన్నాను, ఇంకో చెయ్యి ఆమె వీపు మీద వేశాను.

మార్చి మొదట్లో మాడ్రిడ్ నుంచి జవాబు వచ్చింది. చదవమని నా దగ్గరికి తెచ్చింది. మర్యాదగా రాశారు. కాగితం లాటరీదేనని తేలింది, చివరి రెండంకెలు తేలాయి, ఏ టికెట్టో నిర్ధారించడానికి అవి చాలవు, కాబట్టి చెల్లించడం కుదరదు. నల్ల కాగితాన్ని కూడా వెనక్కి పంపారు.

"అంటే అబద్ధం చెప్పానని కాదుగా?" అంది.

"కాదు. అలా ఎక్కడా లేదు."

"అయితే నిజమేనని ఉందా?"

"అది కూడా లేదు."

ఎలియాస్ ఆమెను సలమాంకాలో ఒక లాయరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ రోజు ఉదయం టికెట్ మీ చేతిలో ఉందని టీవీ చెబుతుంది, సాయంత్రం ఉందని చెప్పదు అన్నాడట ఆయన. కేసు వేస్తే ఏళ్లు పడుతుందన్నాడు. ఫీజు తీసుకోలేదు. తిరిగివస్తూ దారంతా ఆమె ఒక్కటే ప్రశ్న వేసిందని ఎలియాస్ చెప్పాడు. మిగతావాళ్లందరి టికెట్ల మీద బొమ్మ ఉందా అని. ఉందని ఇతను నిజమే చెప్పాడు.

వెనక వీధి ఇంటి యజమానురాలు కసిల్దా కోసం మార్చి ఆఖరుదాకా ఆగింది. అడ్వాన్సు కూడా అడగకుండా ఆగింది, కాబట్టి ఆమెను తప్పుపట్టడానికి లేదు. తర్వాత ఆ ఇల్లు మాడ్రిడ్ నుంచి వేసవికి వచ్చే ఒక జంట కొనుక్కుంది. తాళం పడే ఉంటుంది. కసిల్దా ఇప్పుడు రొట్టె కోసం చుట్టు తిరిగి పైవీధిన వెళ్తోంది.

ఈస్టర్ వెళ్లిన ఆదివారం ఆమె మా తలుపు తట్టింది.

"ఎలియాస్ ఖాళీగా ఉంటే ఒకసారి పైకి రమ్మంటావా? మంచం జరపాలి."

"ఎక్కడికి?"

"వెనక గదిలోకి."

వెనక గది నాకు తెలుసు. మా ఇంట్లోనూ అదే గది ఉంది, సామాన్లు పడేస్తాం. భవనం మధ్యలో గాలికోసం వదిలిన సందులోకి దాని కిటికీ తెరుచుకుంటుంది. ఎదురుగా గోడ, బట్టల తీగలు, కిందింటి వంట వాసన.

"అక్కడ ఏముంటుంది కసిల్దా గారూ ఆయనకు? బాల్కనీ అయితే కనీసం..."

"నేను అనలేదు. ఆయనే అన్నాడు." మెట్ల పైకి చూసింది. "అక్కడ చలి తక్కువంట."

హిమెనాను చంకనేసుకుని నేనూ పైకి వెళ్లాను. లెయాంద్రో బాల్కనీకి వీపు పెట్టి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి పాపకు ఎడమచేతి వేలు అందించాడు. అది పట్టుకుంది. "గట్టి పట్టే. మిల్లు ఉండుంటే పనికొచ్చేది" అన్నాడు.

"మీరింకోసారి ఆలోచించండి" అన్నాను. "ఎండాకాలం వస్తోంది. నలుగురం కలిసి ఒక ఆదివారం మిమ్మల్ని దించి..."

"దించి, మళ్లీ ఎక్కించి." ఆయన కోపంగా అనలేదు. "టీచరమ్మా, మూడు నెలలు ఈ కుర్చీలో కూర్చుని దిగాక ఏ వైపు వెళ్లాలా అని ఆలోచించాను. ముందు వంతెన దాకా, అక్కడినుంచి సంతకు, అక్కడ ఎవరితో ఏం మాట్లాడాలో కూడా. ఆ దారులన్నీ ఇక్కడినుంచి కనబడుతున్నాయి. అదొక్కటే గొడవ. కనబడకుండా ఉంటే చాలు."

మంచం ఆ గది తలుపులోంచి పట్టలేదు. ఎలియాస్ విప్పదీసి, మరలు పళ్లెంలో వేసి, వెనక గదిలో మళ్లీ బిగించాడు. తల ఏ వైపు పెట్టాలని అడిగితే "నీ ఇష్టం" అంది కసిల్దా. అతనే గోడవైపు పెట్టాడు. నేను పాపను కింద చాప మీద పడుకోబెట్టాను. ముగ్గురం కలిసి లెయాంద్రోను లేపి పడుకోబెట్టాం. బరువు తగ్గాడు, అనుకున్నంత కష్టం కాలేదు. నడిచి వెళ్లగలిగిన రోజుల్లో మిల్లు సమావేశాల్లో అందరికంటే ముందు లేచి అరిచేవాడని మా నాన్న చెప్పేవాడు.

కసిల్దా దుప్పటి ఆయన ఛాతీదాకా లాగింది. చేత్తో ముడతలు సర్దబోయి ఆగిపోయింది. కిటికీలోంచి వస్తున్న బూడిదరంగు వెలుగు వైపు చూసింది.

"వెలుతురు సరిపోతుందా?"

"దేనికి?" అన్నాడు లెయాంద్రో.